మూడు దినాలు

మా పక్క వానంటే భయపడేటోడు
ఎవడైనా ఉన్నాడా అని అడిగితే
నన్ను చూపించండి.

ఊరంతా మబ్బుకేసి నోరు తెరిచి నిలబడితే
నేను రొప్పంలో కూర్చోని
జీవాల పొట్టలు తడుముతాంటా.

పోయినేడు ముంగారు తొలివాన
శెట్టూరు దిక్కు నుంచి వచ్చింది.
వారం తిరక్కుండానే బీళ్ళలో
వేలిగోరంత గరిక.
ఎనిమిది నెలలు ఎండుపుల్లలు నమిలిన నోళ్ళు కదా,
ఒకటీ తల ఎత్తలేదు.
నేను గట్టు మీద కూర్చోని
తిననీలే అనుకున్నా.
చూస్తాంటే నాకే కడుపు నిండింది.

తెల్లారి తడిక తీస్తే
ముందర నల్లబొట్టు పొట్టేలు పిల్ల,
మందలో అన్నిటికంటే బలిసింది,
మెడ వెనక్కి వంచి, కాళ్ళు బిగదీసి,
నోట్లో ఇంకా గరికపోస.
నేను చూస్తుండగానే ఒకటి గిర్రున తిరిగి పడింది.
ఇంకొకటి తిరగను కూడా తిరగలేదు.

చిటుక రోగమన్నారు.
చిటికేసేంతలో పోతుంది గనక ఆ పేరంట.
ఆ పేరు పెట్టినోడెవడో
నా మాదిరే ఉత్త వేళ్ళు చూసుకుంటా కూర్చున్నోడే.

బక్కవి బతికినాయి.
కుంటిది బతికింది.
మేతలో ఎనకబడే ముసలి గొర్రె బతికింది.
ముందుండి తిన్నవే
పదకొండు పోయినాయి.
కరువులో ఆకలికి చచ్చేవాటిని చూసినా గానీ
కడుపు నిండి చచ్చేది చూడటం
నాకదే మొదలు.

గుంత తవ్వుతాంటే తిప్పక్క
ఒక్క మాటే అన్నది:
"ఎండాకాలంలో మాబున్ని వచ్చింది కదా."

వచ్చింది.
ఐసు డబ్బా స్కూటీకి కట్టుకోని వచ్చింది.
సూదేస్తే సూడివి ఈసుకపోతాయని
నేనే మందను గుట్టకు తోలినా.
మిట్టమధ్యాన్నం ఆ పిల్ల
ఉత్త తడికతో మాట్లాడి పోయిందంట.

ఈ యేడు నేనే ఫోన్ చేసినా.
ఎత్తిపొడవలేదు.
"ఎన్ని జీవాలు మామా?" అన్నది.
"నూటా ఇరవై" అన్నా.
కాసేపాగి
"నూటా తొమ్మిది" అన్నా.

కుందుర్పి నుంచి వచ్చేసరికి
డబ్బాలో ఐసు సగం నీళ్ళు.
సోడా అంగడి ఓబులేసు కాడ గడ్డ అడుక్కోని వేసింది.
"చల్లగుంటేనే ఇది మందు,
లేదంటే నీళ్ళు పొడిచినట్టే."

నేను మెడ పట్టుకుంటే
తొడ లోపల తోలు చిటికెడు పైకెత్తి
సూది.
చిటికె.
అదే చిటికె
ఇప్పుడీ పిల్ల వేళ్ళల్లో.

వేసిందానికల్లా నెత్తిన జాజు రాసుకుంటా పోయినా.
ఎద్దుల పండక్కు రాసినంత మురిపెంగా
రాసినానని తిప్పక్క నవ్వింది.

పోతాపోతా మాబున్ని చెప్పింది:
"వానపడినాక పొద్దున్నే ఉత్త కడుపుతో
పచ్చిక మీదికి ఇడవద్దు,
చెనక్కాయ కట్టె రెండు బుక్కలు పెట్టి తోలు.
పదైదు దినాలకు రెండో సూది.
అప్పుడు గుట్టకు పోవాకు."

నిన్న రాత్రి ఉరిమింది.
ఊర్లో పిల్లోళ్ళు బజార్లోకి ఉరికినారు.
ఎవరో పళ్ళెం గూడా కొట్టినారు.
నేను కంబళి కప్పుకోని రొప్పానికి పోయినా.
టార్చి వేస్తే
నెత్తిన జాజుతో నూటా తొమ్మిది
నెమరేస్తా నన్నే చూస్తాండాయి.

రెండో సూదికి ఇంకా మూడు దినాలుంది.

తడిక పట్టుకోని, పైకి చూసి,
"మూడు దినాలాగు స్వామీ" అన్నా,
మెల్లగా,
ఊర్లో ఎవరికీ వినపడకుండా.