నిండు ట్యాంకు నుంచి నిండు ట్యాంకుకి

షోరూము కుర్రాడు ఇరవైనాలుగు అన్నాడు.
అద్దానికి అంటించిన కాగితమూ అదే అంది.
నా ఆల్టో మాత్రం పర్లాకిమిడి వీధుల్లో
పదిహేడున్నర దగ్గర నోరు మూసుకుంది.

డ్యాష్‌బోర్డు అరలో నూరు పేజీల పుస్తకం.
కిలోమీటర్లు ఒడియా అంకెల్లో రాస్తాను,
బడిలో ఎక్కాలు ఆ భాషలోనే వంటబట్టాయి.
పక్క గడిలో రిమార్కులు తెలుగులో.
తిట్లు ఇంట్లో నేర్చుకున్నవి మరి.

స్టాండులో ముగ్గురం.
పొట్నూరు సింహాద్రిది డీజిల్ డిజైర్,
లిమ్మ బైరాగిది ఈకో, ఏడుగురు పట్టేది,
తొమ్మిదిమందిని పట్టించేది.
"ఎంతిస్తంది బావ్?"
అదే మా పలకరింపు.
తిన్నావా అని అడిగిన రోజు గుర్తు లేదు.

ఇరవైరెండు అంటాడు సింహాద్రి
పెళ్ళిచూపుల్లో జీతం చెప్పినట్టు.
బైరాగి బండికి మీటరే తిరగదు,
మైలురాళ్ళు లెక్కపెట్టుకుంటాడు,
కునుకు పట్టిన రోజు మైలేజీ తగ్గిపోతుంది.

సరే, ఒక ఆదివారం తేల్చుకుందామన్నాం.
నియమాలు నేనే రాసాను.
చెక్‌పోస్టుకి ఇవతలి బంకులోనే పోయించాలి,
పాతపట్నం రేటుకి గూబ గుయ్యిమంటుంది.
గన్ను ఒకసారి టక్కుమంటే ఆపాలి.
"రౌండు చేసేద్దామా" అని కుర్రాడు నోరు తెరిస్తే లెక్క చెల్లదు.
మోహన దాకా పోవాలి, టీ తాగాలి, రావాలి.

ఉదయగిరి ఘాటీలో రెండో గేరు,
పంటికింద రాయి పడ్డట్టు మూలిగింది నా బండి.
ఏసీ కట్టేసాను. చొక్కా వీపుకి అతుక్కుంది.
వెనక చూస్తే సింహాద్రి ఆగిపోయాడు.
చంద్రగిరి దగ్గర ఒక టిబెట్ ముసలమ్మ
రెండు మొక్కజొన్న బస్తాలతో చెయ్యెత్తిందట.
పందెం ఉందని ఆమెకి ఏ భాషలో చెప్పేది?
డిక్కీ తెరిచాడు.

తిరిగొచ్చాక ఊరి గేటు పడి ఉంది.
గుణుపురం రైలు వస్తుందట, వస్తూనే ఉందట.
నేను ఇంజను ఆపేసాను.
సింహాద్రి ఆపితే మళ్ళీ రాజదు, బ్యాటరీ అలాంటిది.
డీజిలు ఊరికే కాలిపోతుంటే
వాడి మొహం చూడలేక రైలు పెట్టెలు లెక్కపెట్టాను.

బంకు దగ్గర వేళ్ళు మడిచి, ఫోను నొక్కి తేల్చాం:
ఆల్టో పద్ధెనిమిది పాయింటు తొమ్మిది.
డిజైర్ పందొమ్మిదిన్నర, బస్తాలతో సహా.
ఈకో పన్నెండు, అది కూడా మైలురాళ్ళ మీద ఒట్టేసి.
మేం నవ్వుతుంటే బైరాగి వెనక తలుపు లాగాడు.
తొమ్మిదిమంది దిగారు. ఒక మేకపిల్ల దిగింది.
"బండికి కాదు బావ్, మనిసికి కట్టండి లెక్క.
పన్నెండు తొమ్మిదులు ఎంత? మేకని వదిలెయ్యండి."
సింహాద్రి గొణిగాడు. నేను ఏమీ అనలేదు.
ఎక్కం ఒడియాలో నా నోట్లోనే తిరిగింది.

రాత్రి పుస్తకం వెనక్కి తిప్పాను.
ఇరవైనాలుగు ఒక్కసారి ఉంది.
ఒక్కసారే.
పోయిన ఏడు భాద్రపదంలో, బరంపురం నుంచి ఇంటికి.
తమ్ముడు దండాసిని సూరత్ రైలెక్కించి వస్తున్నాను.
సగం డబ్బు వాడిది ఈ బండిలో,
సగం తగువు కూడా.
రేకుపెట్టె వాడితో పోయింది, పరుపుచుట్ట పోయింది.
ఘాటీ రోడ్డు మీద ఎదురు లారీ లేదు,
వాన వెలిసి చల్లగాలి, ఏసీ అక్కరలేదు.
ఎక్కడా బ్రేకు మీద కాలు పడలేదు.
బండి గాలిలా వచ్చేసింది.
షోరూము మాట నిజమైన రోజు
రిమార్కు గడి ఖాళీగా ఉంది.

బైరాగి లెక్కన అది
ఒక్క మనిషికి ఇరవైనాలుగు.

పెన్ను తీసి ఏదో రాయబోయి
తేదీ మాత్రం దిద్దాను, తప్పు పడింది.

రేపు గుణుపురం బేరం.
నలుగురు మనుషులు, రెండు జీడిపిక్కల బస్తాలు,
దారిలో కాశీనగర్‌లో ఎవరో పెద్దావిడ ఎక్కుతుందట.
పదహారు వస్తే గొప్ప.