ఊగింది చాల్లే

మూల పట్టుకుని బానెట్ నొక్కి వదిలితే
ఒక్కసారి లేచి ఆగాలట.
మాది లేచింది, దిగింది, మళ్లీ లేచింది.
నాలుగోసారికి దాలినాయుడు చూపు తిప్పుకున్నాడు,
వేలువిడిచిన చుట్టం తప్పతాగి ఎదురైనట్టు.

"షాకప్సర్లు నాలుగూ సచ్చిపోనాయి మేడమ్.
ఇన్నాళ్లూ మీరు నడిపింది పడవ."

పడవే మరి.
డెబ్బైతొమ్మిదిలో పుట్టిన పద్మిని, చిక్కటి కాఫీ రంగు,
తలుపుల కింద ఉప్పుగాలి తిన్నంత తిని వదిలేసిన అంచులు.
కంచరపాలెం నుంచి గాజువాక బడికి
రోజూ నలుగురు టీచర్లం, పెట్రోలు నాలుగు వాటాలు.
వెనకసీట్లో హిందీ దమయంతి పళ్లు బిగబట్టి
స్పీడు బ్రేకర్లు లెక్కెడుతుంది. పదిహేడు.
బడి సందులో పద్దెనిమిదోది కొత్తగా వేశారు,
దానికి నా పేరు పెట్టింది.

పర్సులో నాలుగు వేల రెండొందలు.
చీటీ పాటకి ఇంకా రెండు నెలలుంది.

డాబాగార్డెన్స్ షోరూములో ఏసీ చల్లగా ఉంది.
గ్యాసువి, పసుపు రంగువి, అద్దాల బీరువాలో నగల్లా.
జత ఐదు వేల ఎనిమిదొందలు.
"బండి ఏ మోడలు ఆంటీ?" మర్యాదగా అడిగాడు కుర్రాడు.
చెప్పాను.
కంప్యూటరు చాలాసేపు ఆలోచించి లేదంది.

విని దాలినాయుడు నవ్వాడు.
"దొరకనందుకు సింహాద్రప్పన్నకి దండం ఎట్టండి.
అంత గట్టివి బిగిత్తే పైన రేకు సిరిగిపోతాది.
బరువు మోసీది కమాను, అమ్మా.
ఇది మొయ్యదు.
ఊగింది సాల్లే, ఊరుకో, అంటాది. అంతే దీని పని."

ఇరవై రెండేళ్లుగా తొమ్మిదో తరగతికి
స్ప్రింగు పాఠం చెబుతున్నాను నేను.
బోర్డు మీద అలలు గీస్తాను, ఎత్తు తగ్గని అలలు,
"ఘర్షణ లేదనుకుందాం" అని మొదలుపెట్టి.
ఈ బండిలో బడికెళ్లి
ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో.

ఆటోనగర్ ఆఖరి వీధిలో మస్తాన్‌బీ దుకాణం.
గోనెపట్టా మీద పాత షాకులు పొట్లకాయల్లా పరిచి ఉన్నాయి.
ఒక్కోదాని రాడ్డు లాగి చెవి దగ్గర పెట్టుకుంటుంది.
గర్రుమంటే అవతలికి.
తడి కనబడితే అవతలికి.
తుప్పుచుక్కల మీద గోరు నడిపి
"ఇది సీలుని నెల్లో కోసేస్తుంది" అంది.
"నువ్వూ లాగు. సగం దాకా బిగువుండి సగంలో వదిలేస్తే
మొగుడైనా వద్దు, ఇదైనా వద్దు."

రెండు కుదిరాయి.
ఆయిలు మార్చి, సీళ్లు వేసి, ఒక్కోటి నాలుగొందల యాభై.
బేరానికి నోరు తెరిచేలోగా టీ పోసిచ్చింది.
ఇంకేం ఆడతాను.

కొత్త ఆయిలువి జత రెండు వేల నూట యాభై, అవి ముందుకి.
స్టీరింగూ బ్రేకూ ముందు చక్రాల్నే నమ్ముకున్నాయి.
మస్తాన్‌బీవి వెనక్కి.
బుష్షులు నూటెనభై, మజూరీ ఆరొందలు.
మిగిలింది మూడొందల డెబ్బై.
కొత్తవి ముందు వేయించుకున్నందుకు
వెనకసీటు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పాతవాటిలో ఒకటి సంచీలో వేసుకుని
తొమ్మిది బి కి తీసుకెళ్లాను.
చివరి బెంచీ ఢిల్లేశ్వరరావు లాగి చూశాడు.
మొత్తం రాడ్డు చేతిలోకి వచ్చేసింది, ఖాళీ పిచికారీలా.
"దీనికి కోపం లేదు టీచర్" అన్నాడు.
హాజరుపట్టీ మీద నల్లటి చుక్క పడింది,
జూలై పదకొండు, వాడి పేరు పక్కనే.

సాయంత్రం, పద్దెనిమిదోది.
బండి లేచింది.
దిగింది.
దమయంతి ఏదో అనబోయి కిటికీలోంచి బయటికి చూసింది.
వెనక ఎడమవైపు సన్నగా కిర్రుమంటోంది.
కమాను ఆకుల మధ్య కావచ్చు.
వచ్చే నెల చూడాలి.