ఎవరి పిడికిలి

లెస్టర్‌లో గురువారం. సన్నటి తుంపర.
లైబ్రరీ వెనక గదిలో ఆరు కుర్చీలు, ఆరు ఫోన్లు,
చక్కెర వెయ్యని టీ ఒక ఫ్లాస్కు నిండా.
తలుపు మీద కాగితం నేనే అంటించాను:
"ఇవాళ పరీక్ష యాప్‌కి, మీకు కాదు."
ఎవరూ నమ్మినట్టు లేరు.

అందరూ అంచు మీద ఉన్నవాళ్ళే.
రిపోర్టులో నలభై రెండు దాటి
నలభై ఎనిమిదికి చేరని నెత్తురు.
జబ్బు ఇంకా ఇంట్లోకి రాలేదు,
గుమ్మం ముందు చెప్పులు మాత్రం విడిచింది.

మొదటి తెర అడిగింది: అన్నం ఎన్ని గ్రాములు?
కాంతాబెన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
పెట్టుకుంది. మళ్ళీ చదివింది.
"నలభయ్యేళ్ళుగా వండుతున్నా,
బియ్యాన్ని ఒక్కనాడూ తూకం వేసి అవమానించలేదు."

ఆ రాత్రి గ్రాములు చెరిపేశాను.
చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు...
నా భాషలో కొలతలన్నీ చేతికే కాశాయి కదా,
ఇన్నాళ్ళూ ఆ చేతిని జేబులో పెట్టుకుని తిరిగానేం?
తెర మీద ఒక పిడికిలి గీశాను.
మురిసిపోయాను కూడా.

మరుసటి గురువారం వినిఫ్రెడ్ దాన్ని చూసి
"ఎవరిదీ పిడికిలి?" అంది.
పక్కన క్లైవ్, ముప్ఫయ్యేళ్ళు బస్సు తోలినవాడు,
తన చెయ్యి బల్ల మీద పెట్టాడు. ఆమె తనది పెట్టింది.
అతని ఒక్క గుప్పిట్లో ఆమెవి మూడు పట్టేట్టున్నాయి.
గదంతా నవ్వింది.
నేను "పిడికిలి" ముందు "మీ" అని చేర్చాను.
రెండు నెలల పనిలో
నాకు గర్వంగా ఉన్నది ఆ ఒక్క అక్షరమే.

సువార్తమ్మ మాత్రం ఏ ఫిర్యాదూ చేసేది కాదు.
వృద్ధుల ఆశ్రమంలో రాత్రి డ్యూటీ.
పదమూడు రోజులు వరసగా "సలాడ్" అని రాసింది,
పదమూడు రోజులూ యాప్ "శభాష్" అంది,
పచ్చటి నక్షత్రాలు కురిపించింది.
చివరికి కారిడార్‌లో, కోటు తొడుక్కుంటూ, తెలుగులో చెప్పింది:
"అది శభాష్ అన్నప్పుడల్లా నాకు ఆకలేసేదమ్మా."

తర్వాత మెల్లగా మిగతాదంతా.
అర్ధరాత్రి డబ్బా మూత తీస్తుంది, గంట మోగుతుంది,
ఎవరికో పక్క తడిసి ఉంటుంది.
తిరిగొచ్చేసరికి తేదీ మారిపోతుంది.
"నా ఒక్క భోజనాన్నీ మీ యాప్ రెండు రోజులకి పంచుతుంది.
నా రోజు ఎప్పుడు మొదలవుద్దో దానికెవరు చెప్పారు?"
మూడు గంటలకి, సింకు దగ్గర,
ఎవరో వదిలేసిన కస్టర్డ్. అదే సలాడ్.

బ్రిస్టల్లో కోడు రాసే కుర్రాడు గింజుకున్నాడు:
అర్ధరాత్రిని కదిపితే నలభై చోట్ల విరుగుతుందన్నాడు.
విరగనీ అన్నాను.
మూడు వారాలు పట్టింది.
ఇప్పుడు ఎవరు నిద్ర లేస్తే వాళ్ళకి తెల్లవారుతుంది.

శభాష్ తీసేశాను.
దాని బదులు ఏం పెట్టాలో తోచక ఆ చోటు ఖాళీగా వదిలేశాను.
"తెర ఆగిపోయిందేమో చూడు" అన్నాడు క్లైవ్.
లేదు, అది ఊరుకుంది, అంతే.

నిన్న రికార్డుల్లో సువార్తమ్మ వెతికిన మాట కనబడింది.
కస్టర్డ్ కాదు.
"నిలబడి తిన్నాను."
కింద యాప్ జవాబు: ఫలితాలు లేవు.
పదకొండు వేల వంటకాలున్నాయి మా జాబితాలో,
నిలబడటం ఎక్కడా లేదు.

ఇంటికొచ్చేసరికి పదిన్నర.
ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంచి, ఆ వెలుతురులోనే
చల్లటి బిర్యానీ పెట్టెలోంచి తింటున్నాను, కోటు విప్పకుండా.
నా నంబరెంతో ఈ ఆరుగురిలో ఎవరూ అడగలేదు.
ఫోన్ తీసి నా ఖాతా తెరిచాను.
బిర్యానీ, నా పిడికిలితో మూడు. నిలబడి.
తెర ఏమీ అనలేదు.

కాసేపు చూసి,
కుర్చీ లాక్కున్నాను.