వస్తోందా, పోతోందా

నా పని చిన్నది.
హార్ట్‌విగ్ ఇంజిను వెలిగించేటప్పుడు
మంటలార్పే సిలిండరు పట్టుకుని
ఒక మోకాలు నేలకానించి పక్కన కూర్చోవడం.
పదకొండేళ్ళలో రెండుసార్లే దాని పిన్ను పీకాను.
ఒకసారి నిజంగానే మంట.
రెండోసారి కందిరీగ.

బ్రాండెన్‌బుర్గ్‌లో రష్యన్లు వదిలేసి వెళ్ళిన రన్‌వే ఇది.
పలకల అతుకుల్లో గడ్డి, గడ్డిలో భరతపిట్టలు.
ఆదివారం ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఎగరెయ్యకూడదు,
పక్క ఊరు నిద్రపోతుంది.

హార్ట్‌విగ్ కట్టుడుపళ్ళు చేసేవాడు.
నలభై ఏళ్ళు పరాయి నోళ్ళకోసం పింగాణీ అరగదీసిన వేళ్ళు,
రెక్క అంచున వెంట్రుకవాసి ఎత్తున్నా పట్టేస్తాయి.
ఈ ఎర్ర జెట్టుకి రెండు చలికాలాలు పట్టింది.
అప్పటినుంచీ రోస్విటా
వంటింటి బల్లమీద సూపు గిన్నె దించేముందు
గంభీరంగా ల్యాండింగుకి అనుమతి అడుగుతుంది.

కిరోసిను, అందులో కాస్త నూనె.
ముందు మోటారు తిప్పుతుంది, పిల్లి గురక.
తర్వాత లోపలెక్కడో ఒక ఉఫ్.
తర్వాత కూత సన్నబడి, ఇంకా సన్నబడి
పంటి మూలాల్లోకి ఎక్కుతుంది.
పిడికిలంత కూడా లేని చక్రం
నిమిషానికి లక్ష చుట్లు.
దాని వెనక గాలి కరిగిపోయి
దూరపు బిర్చి చెట్లు నీళ్ళలో నిలబడ్డట్టు ఊగుతాయి.

దీనికొక గుణముంది.
పుల్ల ముందుకి తోస్తే వెంటనే పలకదు.
ఒక ఊపిరి ఆగుతుంది. రెండు.
ప్రొపెల్లర్లకి అలవాటుపడ్డవాళ్ళు ఇక్కడే బోల్తా కొడతారు,
అవసరం పడ్డాక అడుగుతారు.
"ముందే అడగాలి," అంటాడు హార్ట్‌విగ్,
రుమాలుతో కళ్ళద్దాలు తుడుస్తూ.
ఈ ఏడు మరీ ఎక్కువగా తుడుస్తున్నాడు.

ఆగస్టులో, తెల్లమబ్బు పట్టిన రోజు,
జెట్టు రై చేలమీదుగా దూరంగా వెళ్ళి
చుక్క అయింది.
"యోస్ట్," అన్నాడు, ఉప్పు అందించమన్నంత మామూలుగా,
"అది వస్తోందా, పోతోందా?"

నేను సిలిండరు కింద పెట్టేశాను.
"వస్తోంది."
"ఎటు వాలింది?"
"ఎడమకి. కాదు కాదు, మన ఎడమకి. దాని కుడికి."
మన మీదికి వచ్చేదానికి
ఎడమా కుడీ తారుమారని
ఇన్నేళ్ళూ పక్కనే ఉన్నా నా నోటికి తెలీదు.
ఆయన బొటనవేళ్ళు మాత్రం తడబడలేదు.
"చక్రాలు?"
"మూడూ దిగాయి."
"ఎత్తు?"
"తక్కువే. కంచె ఉంది, హార్ట్‌విగ్, కంచె..."
అప్పటికే తోసేశాడు పుల్ల.
నేను అనకముందే.
ఒక ఊపిరి.
రెండు.

కంచె మీద కూర్చున్న కాకి మాత్రం లేచిపోయింది.

దిగాక ఇద్దరం నడిచి వెళ్ళి దాని పక్కన కూర్చున్నాం.
ఆపేసిన తర్వాత కూడా కాసేపు
ఒళ్ళు చల్లారేదాకా
మోటారు దాన్ని నిదానంగా తిప్పుతూనే ఉంటుంది.
ఇద్దరం అదే వింటున్నాం.
ఎప్పటినుంచని నేనడగలేదు.
"రోస్విటాకి తెలుసు," అన్నాడు ఆయనే.
కాసేపాగి, "వచ్చే ఆదివారం సిలిండరు పట్టుకోడానికి
నీ మేనల్లుణ్ణి తీసుకురా.
నువ్వు నిలబడాలి."

ఒంటిగంటకి పది నిమిషాలు తక్కువ.
రెక్కలు ఊడదీసి, దుప్పటి చుట్టి,
కారులో పెడుతుంటే
భరతపిట్ట ఒకటి నిట్టనిలువునా లేచింది,
ఎవర్నీ ఏమీ అడక్కుండా.
ఆయన తల ఎత్తాడు, చప్పుడు వైపు.