కంప

ఆదోని మార్కెట్ యార్డు. రాత్రి పదకొండు.
కాటా వెనక, ఒకప్పుడు గోనెసంచులు దాచిన గదిలో
సర్వర్ మూడుసార్లు కూసి ఊరుకుంది.
మళ్లీ మీట నొక్కాను. మళ్లీ మూడు కూతలు.
తెర నిండా నలుపు. ఆ నలుపులో నా మొహం.

బయట నూటపది ట్రాక్టర్లు,
పత్తి మీదే పడుకున్న మనుషులు,
ఎవరిదో సెల్‌ఫోన్లో సన్నగా కన్నడ పాట.
పొద్దున ఆరుకు తూకం మొదలవ్వాలి.
కార్యదర్శి ఓబులేసు "ఏమైందమ్మా" అనడం మానేసి
నాలుగోసారి ఫోన్లో
"ఉండావా?" అని మాత్రం అడిగాడు.

మూత తీశాను.
లోపల ఇంకో పంట.
ఫ్యాను రెక్కలకు, తీగల సందుల్లో,
మెమరీ పలకల మధ్యన రెండేళ్ల దూది.
వాచ్‌మన్ దస్తగిరి టార్చి వంచి చూసి
"పరుపు కుట్టించినారు కదమ్మా దీనికి,
నిద్రబోక ఏం జేస్తాది" అన్నాడు.

ఎనిమిది పలకలు.
ఒక్కొక్కటే ఊడదీసి, బంగారు అంచుల్ని
బడిపిల్లల రబ్బరుతో రుద్ది
చెవులు నొక్కి కూర్చోబెట్టాను.
కూత ఆగింది. అక్షరాలు జలజలా జారాయి.
లినక్స్ లేచింది,
లేచినట్టే లేచి
కెర్నల్ పానిక్ అన్న ఒక్క మాటతో పడిపోయింది.

సగం తీసి, సగం ఉంచి,
ఆ సగంలో సగం.
దస్తగిరి జేబులోంచి శనక్కాయ తీసి
నా చెవి దగ్గర ఊపాడు.
"లొట్టకాయైతే ఊపితేనే తెలుస్తాది. వీటికి తెలీదా?"
తెలీదు. గంటన్నర పరీక్ష పెట్టాలి.
పెట్టాను. ఏడు పలకలు అప్పజెప్పినట్టు పలికాయి.
ఆరో గూట్లోది మాత్రం
ఒక్క చోట, వేలి గోరంత కూడా లేని చోట,
సున్నా రాస్తే ఒకటని చదివింది.
మళ్లీ రాశాను. మళ్లీ ఒకటే.
అబద్ధమాడుతున్నానని దానికి తెలీదు.

తీసేస్తే పోదా అంటే పోదు.
జతది కూడా తీయాలి,
రెండూ తీస్తే కాటా లెక్కలకు చోటు చాలదు.
కొత్తది బెంగళూరు నుంచి సోమవారానికి.
ఇవాళ గురువారం. కాదు, రెండున్నర దాటింది, శుక్రవారం.

టీ పోస్తూ దస్తగిరి ఏదో చెప్పుకుపోతున్నాడు:
"పెద్దతుంబళంలో మా చేన్లో
నీళ్లు పడని బోరు గుంత ఒకటి ఉండాదమ్మా.
పూడ్చేకి దుడ్లు లేవు.
చుట్టూ తుమ్మకంప ఏసినాం.
సేద్యం మాత్రం నిలపలే."

గ్లాసు కింద పెట్టి
బూట్ లైను తెరిచాను.
ఈ చిరునామా మొదలు ఈ చిరునామా దాకా
కాలు పెట్టొద్దని రాశాను.
మొదటిసారి డాలర్ గుర్తు ముందు వాలుగీత మరిచాను,
గ్రబ్ ఆ ముక్కను గుటుక్కున మింగింది,
నాలుగున్నరకు ఇంకోసారి పానిక్, ఈసారి నాక్కూడా.
రెండోసారి గీత పెట్టాను.
లేచింది. నిలబడింది.
ఉన్న మెమరీ ఎంతని అడిగితే
చిటికెడు తగ్గించి చెప్పింది.

ఆరూ పదికి మొదటి చీటీ:
హంపన్న, కోసిగి, పన్నెండు క్వింటాళ్ల నలభై కిలోలు.
అతను చీటీని ఎండకు ఎత్తి రెండుసార్లు చదువుకున్నాడు.
నేను గోనె మీదే ఒరిగిపోయాను.

సోమవారం కొత్త పలకతో వస్తే
సర్వర్ మూత మీద చిన్న తుమ్మకొమ్మ.
ఎవరు పెట్టారని అడగలేదు.
పక్కకు జరిపి, పాతది తీసి, కొత్తది బిగించి,
కొమ్మను మళ్లీ ఉన్నచోటే పెట్టాను.

కర్నూలు బస్సులో, కోడుమూరు దాటాక గుర్తొచ్చింది,
బూట్ లైను అలాగే వదిలేశాను.
అక్కడిప్పుడు గుంత లేదు, మెత్తటి నేల.
అయినా ప్రతి పొద్దునా అది నిద్రలేచి
నేను వేసిన కంప పక్కనుంచే
జాగ్రత్తగా తిరిగిపోతూ ఉంటుంది.