నాలుగో మూత

మంగళవారం, వాన ఆగీ ఆగని పూట
కూరగాయల తోపుడు సంచిలో దించింది ఒఫేలియా:
రెండు ముక్కలైన బంపరు,
పాత పేపర్లలో చుట్టిన తలుపు పిడులు,
చక్రం మూతలు.
"మెరిసేట్టు చెయ్యండి, చాలు."

చాలు అనే మాట మా పనిలో లేదమ్మా.
మెరుపుల్లో రకాలున్నాయి.
మీసం దిద్దుకునేంత అద్దం ఒకటి.
చల్లారిన పాల మీద మీగడలా మందకొడిది ఒకటి.
ఈకాలం కుర్రాళ్ళడిగే నల్లది,
రాత్రి వానకు తడిసిన తారురోడ్డు.
నికెల్ దగ్గరే ఆపేస్తే కాస్త పసుపు,
ముసలివాళ్ళ పళ్ళలాగా, కానీ వెచ్చన.

"ఫ్యాక్టరీలోంచి ఎలా వచ్చిందో అలా."

ఫ్యాక్టరీది మీరనుకున్నంత నున్నన కాదు.
అక్కడ సానపట్టేవాడి ఒక కన్ను బంపరు మీద,
ఒక కన్ను గోడ గడియారం మీద.
నాకు తెలుసు, మా నాన్న అక్కడే సానపట్టాడు.

పైన పటారం లోన లొటారం అంటారు గానీ
క్రోముకు అంత తెలివి లేదు.
వెంట్రుకలో నూరోవంతైనా ఉండదు దాని మందం.
కింద గీత ఉంటే ఆ గీతనే మెరిపిస్తుంది,
సొట్ట ఉంటే సొట్టకు పండగ చేస్తుంది.
పనంతా అడుగునే.
రాగి, సాన, మళ్ళీ రాగి, మళ్ళీ సాన, నికెల్,
ఆఖర్న మూడు నిమిషాలు క్రోము.
పేరు మాత్రం ఆ మూడు నిమిషాలదే.

ఇక తొట్టి సంగతి.
పాతది నారింజ రంగు, దాని ఆవిరి విషం,
నా ముక్కు లోపలి చిల్లు దాని సంతకం.
మార్చిలో మునిసిపాలిటీ వచ్చి మూయిస్తుంది.
కొత్తది పచ్చన, మర్యాదస్తురాలు.
పాతదాంట్లో మునిగింది
నీలిమందు పెట్టిన చొక్కాలా తేలుతుంది,
కొత్తదాంట్లోది కాస్త బూడిద, కాస్త మునిమాపు.
విడివిడిగా చూస్తే ఎవడూ కనిపెట్టలేడు.
పక్కపక్కన ఎండలో పెడితే మాత్రం
ఒక కడుపున పుట్టి పలకరించుకోని ఇద్దరిలా ఉంటాయి.

చటుక్కున తలెత్తింది.
"మీకెవరు చెప్పారు?"

ఏది?

అప్పుడు లెక్కపెట్టాను మూతలు. మూడే.

నాలుగోది మార్ దెల్ ప్లాతాలో,
తమ్ముడు హెక్టోర్ వంటింటి గోడకు.
ఆ డి తెల్లా టాక్సీని ఇద్దరూ నడిపారట,
పగలు ఈమె, రాత్రి అతను,
సీటు వెనక్కీ ముందుకీ జరుపుకుంటూ పదకొండేళ్ళు.
అమ్మేద్దామన్నాడు. ఈమె వద్దంది.
ఎడమవైపు వెనక చక్రం మూత ఊడబెరుక్కుని
నా వాటా ఇదే, అని బస్సెక్కాడు.
దానికి మెరుగు కూడా పెట్టించాడట,
ఎవరో చెప్తే తెలిసింది.

ఎప్పుడు?
"తొమ్మిదేళ్ళయింది."

తొమ్మిదేళ్ళంటే నారింజ తొట్టే.

"అయితే నీలం."

అతను ఇస్తాడా?
"అడగలేదు."

కొత్త తొట్టయితే చవక, శుక్రవారానికి ఇచ్చేస్తాను,
నా ముక్కూ బతుకుతుంది
అనబోయి మాతే కుండలో నీళ్ళు పోసుకున్నాను.
ఆమెకూ ఇచ్చాను.
చేదుగా ఉందని మొహం పెట్టి మొత్తం తాగింది.

ఒక పిడి ఉంది, వెనక కుడి తలుపుది.
ఎన్ని బొటనవేళ్ళు పడ్డాయో
క్రోము పోయి, నికెల్ పోయి,
గోరంత రాగి ఎర్రగా కనిపిస్తోంది.
కొందరు దీన్ని ఇలాగే ఉంచమంటారు, జ్ఞాపకం అని.
"ఎందుకు? వాళ్ళంతా దిగిపోయారుగా.
పూత వెయ్యండి."

పాత తొట్టి వేడెక్కడానికి అర పూట పట్టింది.
పదిరోజులు సాన మీద నా భుజం అరిగింది.
రసీదులో మూతలు మూడు అని రాశాను,
డబ్బులూ మూడింటికే.

నేను వేలాడదీసే చట్రానికి నాలుగు కొక్కేలు,
ఎప్పుడూ అంతే, ఎవరికోసమూ కాదు.
పైకి తీసి నీళ్ళలో జాడిస్తే
ఖాళీ కొక్కెం మొనకీ పట్టింది క్రోము,
నీలంగా, నున్నగా,
ఎవరూ అడగని చోట.