నీళ్ల వంతు

మోటారు బాగుచేసి పొద్దుగూకే లోపల దిగిపోదామనుకున్నా.
దోర్నాల పోయే జీపు
ఘాటు మలుపులో కూలబడిందని కబురొచ్చింది.
"ఈ రాత్రికి ఈడనే పడుకో కాశిం" అన్నాడు గురవయ్య,
అడవి తనిల్లయినట్టు, నేను చుట్టాన్నయినట్టు.

ఆరు వెదురు గుడిసెలు, ఒక్కోదానికి ఒక్కో పిట్ట పేరు.
నాకిచ్చింది పేరు లేని ఏడోది,
బ్లీచింగ్ బస్తా, చిరిగిన దోమతెరలు పడేసేది.
పైపు రెంచీ తలకింద పెట్టుకున్నా.
పులికి రెంచీ ఒక లెక్కా?
అయినా పెట్టుకున్నా.

అన్నాల దగ్గర చీమకుర్తి గ్రానైటాయన చెప్తున్నాడు:
కెన్యాలో ఒక క్యాంపంట,
నీళ్లగుంట మీద రాత్రంతా దీపం వెలుగుతుందంట,
జనం దుప్పట్లు కప్పుకుని బల్లల మీద కూచుంటే
ఏనుగులొచ్చి తాగిపోతాయంట.
ఒకరు దగ్గినా అందరూ అటు చూస్తారంట.
"ఇక్కడేముందయ్యా, రెండు రోజుల్నించి నెమళ్లే!"
గురవయ్య మజ్జిగ పోస్తూ
"ఏనుగులు లేవు సార్. ఉండేది ఉంది" అన్నాడు.

పదింటికి జనరేటరు ఆగింది.
చెవుల్లో ఇంకా కాసేపు అది తిరుగుతానే ఉంది.
తలుపు తట్టి గురవయ్య:
"నీ మోటారు ఎవురికి పనికొచ్చిందో చూద్దువు రా."

కంచె లోపలి మంచె. పన్నెండు మెట్లు.
ఎదురుగా, సగం చంద్రుడి కింద
పొద్దున నేను నింపిన సిమెంటు తొట్టి.

ముందు పందులొచ్చినాయి, పిల్లల్ని తోసుకుంటా.
అవి తాగినంతసేపూ
దుప్పులు చెట్ల అంచున నిలబడే ఉన్నాయి.
ఒక్కటీ ముందుకు దూకలేదు.
ఒక ఏదు ముళ్లు గలగలలాడించుకుంటా వచ్చి
పక్కన కారిన బురదలోనే మూతి తడుపుకుని పోయింది.

మా తర్లుపాడు రోడ్డు వీధిలో
ట్యాంకరు తొమ్మిది రోజులకోసారి.
పోయిన ఎండాకాలం బిందె అంచు తగిలి
హుసేనమ్మ కనుబొమ్మకి మూడు కుట్లు.
కొట్టింది పరాయిది కాదు, పక్కింటి సుగుణమ్మే.
రంజానుకి సేమియా పంపే ఇల్లు.
ఆసుపత్రికి తోడొచ్చింది కూడా ఆమే.

ఇక్కడ నూట డెబ్బై అడుగులకే తియ్యటి నీళ్లు.
మా వీధిలో తొమ్మిది వందలకి దుమ్ము.
ఆ తొట్టిని చూస్తా ఉంటే
కడుపు నిండిందో మండిందో చెప్పలేను.

చంద్రుడు గుట్ట వెనక్కి దిగిపోయాడు.
మా నాయన పలకల రాయి చీల్చేవాడు మార్కాపురంలో.
పొర తీస్తే పొర, లోపలికి పోయేకొద్దీ నలుపు.
అట్టాంటి నలుపు,
ఇంకా ఎవురూ అక్షరం పెట్టని పలక.

అప్పుడు దుప్పి అరిచింది. ఒక్క గీత.
గిట్టలన్నీ ఒకేసారి లేచిపోయినాయి.
గురవయ్య నా మోకాలి మీద చెయ్యేశాడు.
ఏమీ కనపడలేదు.
నీళ్ల చప్పుడు మాత్రం,
తొందర లేని నాలుక చప్పుడు,
చానా సేపు.
తొట్టిలో నక్షత్రాలు కదిలినాయి.
మళ్లీ కుదురుకున్నాయి.
అంతే నేను చూసింది.

తెల్లారి బురదలో నా అరచేతికంటే పెద్ద గుర్తు,
దాని గుంటలో కాసిన్ని నీళ్లు.
గ్రానైటాయన పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోటోలు తీసుకున్నాడు.
"రాత్రి నీకేమన్నా వినపడిందా?"
"నిద్రపోయినా సార్" అన్నా.
ఎందుకన్నానో.

జీపొచ్చేలోపు వాల్వు దగ్గరికి పోతే
చుక్క చుక్కగా కారతా ఉంది.
నా చేతి పని కారడం నాకు నామోషీ.
రెంచీ బిగిస్తుంటే గురవయ్య ఆపాడు:
"ఉండనీ అబ్బా. తేనెటీగలు తొట్టిలో దిగితే మునిగిపోతాయి.
వాటికి ఆ చుక్కే."
చూస్తే నిజమే,
తడిసిన ఇనుము మీద నాలుగు, ఐదు,
వెనకాల ఇంకొన్ని గాల్లో ఆగి.

ఒక చుట్టు వదులు చేసినా.
ఐదు లీటర్ల డబ్బా ఒకటి హుసేనమ్మకి నింపుకున్నా.
రేంజరుకిచ్చే బిల్లులో
మోటారు వైండింగు, రెండు వాషర్లు, కూలి రాసి
కింద ఇంకో వరస రాశా:
లీకేజీ, లేదు.